పెద్ద ఇంజిన్, పాత బండి



రెండు నెలలుగా మన పికప్ కనిపించడం లేదని చాలామంది అడుగుతున్నారు. "అయ్యగారు పెద్ద ఇంజిన్ వేయిస్తున్నాడంట" అని ధర్మవరంలో ఒకరు, "బండి అమ్మేసినాడంట" అని పెనుకొండలో ఒకరు అన్నారట. బండి బాగు కోసం కానుకలిచ్చింది మీరు. కాబట్టి జరిగింది జరిగినట్టు మీకు చెప్పడం నా బాధ్యత. ఇందులో నాకు సిగ్గు కలిగించే సంగతి కూడా ఒకటుంది. దాన్నీ దాచను.

మన బండి 1988 మోడల్ మహీంద్రా. ముందు సీటు, వెనక ఇనుప తొట్టి. హిందూపురం నుండి పెనుకొండ, అక్కడి నుండి ధర్మవరం, మధ్యలో పల్లెలు. మైకు సెట్టు, జనరేటరు, కుర్చీలు, క్రిస్మస్‌కు బియ్యం మూటలు, ఒక్కోసారి ఆసుపత్రికి రోగులు కూడా అందులోనే. మీలో ఆ తొట్టిలో కూర్చోని వాళ్ళు తక్కువ.

పోయిన నవంబరులో పెనుకొండ అవతల పల్లెలో కూడిక ముగించుకొని రాత్రి వస్తున్నాం. సామానుతో పాటు తొట్టిలో పద్నాలుగు మంది. ఎత్తు మొదలైంది. మూడో గేరు నుండి రెండుకు, రెండు నుండి ఒకటికి వచ్చాను. నల్లపొగ కమ్మింది, బండి నిలిచిపోయింది. ఆడవాళ్ళు దిగి నడిచారు, మగవాళ్ళు తోశారు. మోకాళ్ళ నొప్పులున్న ఒక అవ్వ రోడ్డు పక్క రాతి మీద కూర్చుంది. నేను క్షమించమంటే, "ఏం కాదులే నాయనా, ఇశ్రాయేలీయుల కంటే మనం తక్కువే నడిచినాం" అని నవ్వింది. ఆమె నవ్వింది గానీ నాకు నిద్ర పట్టలేదు. "ప్రభువా, ఈ బండికి బలం కావాలి" అని ఆ రాత్రి ప్రార్థించాను.

మరుసటి రోజు మన మేస్త్రి దగ్గరికి పోయాను. ఇరవై ఏళ్ళుగా ఈ బండిని చూస్తున్న మనిషి. ఆయన నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. మన బండిలో ఉన్నది ప్యూజో డీజిల్ ఇంజిన్. 1979లో ఫ్రాన్సు కంపెనీ నుండి లైసెన్సు తీసుకొని మహీంద్రా వాళ్ళు ఇక్కడే తయారుచేసిన రకం. 2112 సీసీ. పిస్టన్ వెడల్పు 90 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ తిరిగే దూరం 83 మిల్లీమీటర్లు. వేగంగా తిరిగితేనే దానికి దమ్ము. తర్వాత వచ్చిన డీఐ ఇంజిన్ 2523 సీసీ. అందులో పిస్టన్ వెడల్పు 88.9, కానీ నడిచే దూరం 101.6. అంటే పొడవైన తొక్కుడు. నిదానంగా తిరుగుతూనే బరువు లాగుతుంది. దాని వంశం మన పొలాల్లో దున్నిన బీ-275 ట్రాక్టర్ ఇంజినే. డీజిల్ నేరుగా పిస్టన్ మీదనే చిమ్ముతుంది కాబట్టి పొద్దున్నే హీటర్ ప్లగ్గుల కోసం కాచుకోవాల్సిన పని కూడా లేదు.

వింటుంటే ఇదే నా ప్రార్థనకు జవాబు అనిపించింది.

చేతిలో 60,000 ఉంది. అందులో మీ కానుకలు 42,000, నా భార్య చీటీ ఎత్తిన డబ్బు 18,000. మేస్త్రి వద్దు, ఆగు అన్నా వినకుండా బస్సెక్కి బెంగళూరు గుజరీకి పోయాను. ఒక సందులో డీఐ ఇంజిన్, గేర్‌బాక్సు కలిపి 38,000 అన్నారు. నా జేబులోంచి 5,000 అడ్వాన్స్ ఇచ్చి, "ఇంకా 22,000 మిగులుతుంది, ప్రభువుకు స్తోత్రం" అనుకుంటూ తిరిగొచ్చాను.

మేస్త్రి టూల్ పెట్టె మీద కూర్చొని, సిగరెట్ అట్ట వెనక లెక్క రాశాడు. కొత్త ఇంజిన్ నిలబడే మౌంటింగులు ఛాసిస్‌కు వెల్డింగ్ చేయాలి, 4,500. గేర్‌బాక్సు పొడవు మారింది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ లేత్ మీద కోసి బ్యాలెన్స్ చేయాలి, 3,500. పాత రేడియేటర్ ఈ వేడిని తట్టుకోదు, 6,000. క్లచ్ 4,200. పని కూలి 12,000. నేను గుటకలు మింగుతుంటే ఆయన అట్ట తిప్పి ఇంకో లెక్క రాశాడు. బ్రేకులు, బూస్టరుతో సహా 7,000.

"బ్రేకులెందుకు? అవి బాగానే ఉన్నాయి గదా" అన్నాను.

"నలభైలో పోయే బండికి బాగున్నాయి అయ్యగారూ. రేపు ఇది అరవైలో పోతుంది. గుర్రాన్ని మార్చితే సరిపోదు, కళ్ళెం కూడా మార్చల్ల గదా" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. వేగం 40 నుండి 60కి పెరిగితే బండిని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు పెరిగి ఆగదు, రెండుంబాతిక రెట్లవుతుంది. పాత డ్రమ్ములు, కాలి బలం తప్ప ఇంకో సాయం లేని పెడలు. దాని మీద పద్నాలుగు మంది ప్రాణాలు.

మొత్తం 75,200. ఉన్నదానికి 15,200 తక్కువ.

ఇక్కడే నేను తప్పటడుగు వేశాను. ఖర్చు తగ్గించుకుందామని గుజరీకి ఫోన్ చేశాను. బేరం కుదిర్చిన మనిషి 8,000 తగ్గించి ఇంకో ఇంజిన్ ఉందన్నాడు. దానికి కాగితాలు లేవు. "మీరేం దిగులు పడొద్దు. దాని మీద నంబరు గీకేసి మీ పాత ఇంజిన్ నంబరు పంచ్ కొట్టిస్తా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

నేను వద్దనలేదు. "ఆలోచించి చెప్తా" అన్నాను.

మూడు రోజులు ఆలోచించాను కూడా. దేవుని పనికే గదా, నా సుఖానికి కాదు గదా అని ఒక మాట. అందరూ చేస్తున్నదే గదా అని ఇంకో మాట. ఎఫ్‌సీకి పోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు కనబడేది మన నంబరే గదా అని మూడో మాట. సెమినరీలో డిప్లొమా చదివిన నాకు, పాపానికి వాక్యం తొడుగు తొడిగించడం ఎంత సులభమో అప్పుడు తెలిసింది.

శనివారం రాత్రి ఆదివారం వర్తమానం సిద్ధపరచుకుంటున్నాను. లూకా సువార్త 14వ అధ్యాయం. గోపురం కట్టాలనుకున్నవాడు మొదట కూర్చొని, ముగించడానికి తన దగ్గర ఉన్నది చాలునో లేదో లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం. సిగరెట్ అట్ట నా బైబిల్లోనే ఉంది. ఆ లెక్కలో మౌంటింగులున్నాయి, క్లచ్ ఉంది, బ్రేకులున్నాయి. సత్యానికి ఎంతవుతుందో మాత్రం నేను ఎక్కడా రాసుకోలేదు.

హిందూపురం బెల్లం మార్కెట్ మీకు తెలుసు. కొనడానికి ఒక తూకం, అమ్మడానికి ఒక తూకం పెట్టుకున్న వ్యాపారి సంఘంలో ఉంటే నేను ఊరుకుంటానా? సామెతలు 20వ అధ్యాయం 10వ వచనం తెరిచి గద్దిస్తాను. రెండు రకాల తూనికరాళ్ళు దేవునికి హేయమని చెప్పే నేను, ఒక ఇంజిన్‌కు రెండు నంబర్లు పెట్టుకోవడానికి సిద్ధపడ్డాను. పైగా రేపు రోడ్డు మీద ఏదైనా జరిగి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంజిన్ చూసి ఇది దొంగ నంబరంటే, దెబ్బ తిన్న కుటుంబానికి నేనేం జవాబు చెప్పాలి?

ఆ మనిషికి రాత్రే వద్దని చెప్పాను. సోమవారం రవాణా ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు అడిగాను. అక్కడి అధికారి ఓపిగ్గా చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. కంపెనీ వాళ్ళు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ చెడిపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌కు బిల్లుతో వచ్చి, ముందు అనుమతి తీసుకొని మార్చుకోవచ్చు. 2112 ఉన్న చోట 2523 అంటే ఆర్‌సీతో పొసగదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పిందన్నాడు. అంటే కాగితాలున్న ఇంజిన్ కొన్నా, 75,200 ఖర్చు పెట్టినా, నేను అనుకున్న పని న్యాయంగా జరిగేది కాదు. అడ్వాన్స్ ఇవ్వక ముందు అడగవలసిన మాట, ఇచ్చిన తర్వాత అడిగాను. ఆ 5,000 తిరిగి రాలేదు.

సంఘ పెద్దల ముందు ఇదంతా ఒప్పుకున్నాను. వాళ్ళు నన్ను గద్దించారు, తర్వాత ప్రార్థించారు. అప్పుడు ఒక పెద్దాయన అడిగాడు: "అయ్యా, ఆ రాత్రి బండి ఎందుకు ఆగింది? ఇంజిన్ చిన్నదయ్యా, మనం ఎక్కువ మంది ఎక్కామా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. సరుకుల బండి తొట్టిలో మనుషులను ఎక్కించడమే తప్పు. ఆ తప్పును మానకుండా, దాన్ని ఇంకా వేగంగా చేయడానికి బలమిమ్మని దేవుణ్ణి అడిగాను. ఆయన ఇవ్వకపోవడం నన్ను కాపాడడమే.

ఇప్పుడు లెక్క వినండి. పాత ఇంజిన్‌నే విప్పించాం. పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని, పంపు, నాజిళ్ళ సర్వీసు అన్నీ కలిపి 32,000. బ్రేకులు 8,500. రేడియేటర్ శుభ్రం చేయించడం 3,000. మొత్తం 43,500. మిగిలిన 16,500 సంఘం ఖాతాలో ఉంది, రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. నా భార్య చీటీ డబ్బు గురించి అడగవద్దు, అది మా ఇంట్లో ఇంకా నడుస్తున్న చర్చ.

వచ్చే వారం బండి బయటికి వస్తుంది. ఎత్తు మీద ఇప్పటికీ రెండో గేరే. దాని వెనక పడితే హారన్ కొట్టకండి. ఇక మీదట తొట్టిలో సామాను మాత్రమే. పల్లె కూడికలు రాత్రి ఏడుకు బదులు సాయంత్రం ఐదున్నరకు మొదలుపెడతాం, చివరి బస్సు అందేలా ముగిస్తాం. మన ఆడవాళ్ళకు ఆర్టీసీలో టికెట్ డబ్బులు కూడా అక్కరలేదు గదా. నడవలేని ఆ అవ్వకు ముందు సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

ప్రియులారా, మీలో ఎవరైనా ఇప్పుడు ఏదో ఒక పెద్దదాని కోసం ప్రార్థిస్తూ ఉండవచ్చు. పెద్ద ఇల్లు, పెద్ద మగ్గం, కూతురికి పెద్ద పెళ్ళి. అడగడం తప్పు కాదు. కానీ ఒక సాయంత్రం కూర్చొని ఒక అట్ట మీద లెక్క రాయండి. అది వస్తే దాన్ని ఆపే బ్రేకు నా దగ్గర ఉందా? దాని కోసం ఏ నంబరైనా గీకవలసి వస్తుందా? ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాసిన తర్వాత మళ్ళీ మోకరించండి. నేను ఆ లెక్క ఆలస్యంగా రాశాను. మీరు ముందే రాయాలని నా ప్రార్థన.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.

మీ కాపరి