అమ్మ ఎక్కగలిగిన కొండ

మన కోనసీమ వారికి కొండ అంటే దూరపు సంగతి. ఎంత తవ్వినా మన నేలలో ఇసుక, ఒండ్రు తప్ప రాయి తగలదు. రుబ్బురోలు మొదలుకొని బట్టలుతికే బండ వరకు అన్నీ ఎక్కడినుండో బండ్ల మీదనో పడవల మీదనో వచ్చినవే. అందుకే కాబోలు, మన పిల్లలకు కాలువలో ఈదడం వచ్చినంతగా రాళ్ళ మీద నడవడం రాదు. సెలవులలో ఒక్కరోజు ఇంటిల్లిపాదీ కొండ మీద నడిచి రావాలనుకొనే వారి కోసం, మేము వెళ్ళివచ్చిన గుంటుపల్లిని గురించి వ్రాస్తున్నాను.

మా చెల్లెలు కువైట్‌లో ఇళ్ళలో పని చేస్తుంది. మూడేళ్ళకొకసారి వస్తుంది. ఆ యేడు క్రిస్మస్‌కు నలభై రోజుల సెలవు మీద వచ్చింది. తన కూతురికి ఎనిమిదేళ్ళు. రెండో యేట నుండి మా అమ్మ దగ్గరే పెరుగుతున్నది. అమ్మమ్మను “అమ్మా” అంటుంది, కన్నతల్లిని “కువైట్ మమ్మీ” అంటుంది. తెచ్చిన చాక్లెట్లు తీసుకొంటుంది గాని పక్కన కూర్చోదు. రాత్రి అయితే అమ్మమ్మ మంచం మీదికే పోతుంది. చెల్లెలు పైకి ఏమీ అనేది కాదు. సెలవులో సగం చుట్టాలతోను, పండుగ ఆరాధనలతోను గడిచిపోయింది. ఇంట్లో ఉంటే ఎవరి పని వారిదే. ఒక్కరోజైనా ముగ్గురినీ ఒకే దారిలో నడిపించాలని నాకు తోచింది.

అమ్మకు డెబ్బయి దాటాయి. షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆమె రాకపోతే పిల్ల రాదు. కాబట్టి అమ్మ ఎక్కలేని కొండ మాకు పనికిరాదు. మొదట పాపికొండలు అనుకొన్నాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి అమ్మ మరచిపోలేదు. “నీళ్ళ మీద ప్రయాణం మాట ఎత్తకురా” అన్నది. పైగా అది కూర్చొని చూసేదే గాని నడిచేది కాదు. మారేడుమిల్లి మాకు ఒక్కరోజులో తెమలదు. చివరకు గుంటుపల్లి కుదిరింది.

గుంటుపల్లి ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో ఉంది. 2022లో జిల్లాలు విడిపోక ముందు అది పశ్చిమ గోదావరిదే. గుర్రపు నాడా మాదిరి వంపు తిరిగిన కొండ, మధ్యలో చెట్లు నిండిన లోయ, ఆ అంచున నిలువుగా రాతి గోడ. ఆ గోడను తొలిచి బౌద్ధ భిక్షువులు క్రీ.పూ. 2వ శతాబ్దం నాటికే గదులు చేసికొన్నారు. వానకాలంలో ఊళ్ళు తిరగక ఒకచోటనే ఉండాలన్నది వారి నియమం. కొండ మీద చిన్నా పెద్దా స్తూపాలు గుంపుగా ఉన్నాయి, ఇటుకలతో కట్టిన పాత చైత్యం ఉంది. కేంద్ర పురావస్తు శాఖ వారు కాపాడుతున్నారు. టిక్కెట్టు తీసుకోవాలి, పదిహేనేళ్ళలోపు పిల్లలకు అక్కరలేదు. పైకి మెట్లున్నాయి. మాకు కావలసినది అదే.

మేము కారు మాట్లాడుకొని చించినాడ వంతెన దాటి పాలకొల్లు, తాడేపల్లిగూడెం, భీమడోలు, ద్వారకా తిరుమల మీదుగా వెళ్ళాం. బస్సులో వెళ్ళేవారు ఏలూరు నుండి కామవరపుకోట చేరితే అక్కడినుండి ఆటో మాట్లాడుకోవచ్చు. ఆదివారం ఆరాధన మానుకోలేము గనుక రెండవ శనివారం పెట్టుకొన్నాం. జనవరి అయినా సరే, పదకొండు దాటితే రాయి కాలుతుంది. అందుచేత తెల్లవారు జామున ఐదింటికే బయలుదేరాం. కొండ మీద ఏమైనా దొరుకుతుందని నమ్ముకోవద్దు. మనిషికి లీటరున్నర నీళ్ళు, పులిహోర, అమ్మకు వేళకు పెట్టడానికి బిస్కట్లు, మాత్రలు, ఒక చేతికర్ర పెట్టుకొన్నాం. ఆడవాళ్ళు కామవరపుకోటలోనే కాలకృత్యాలు తీర్చుకొని రావడం మంచిది. రాతి మీద పొడి ఇసుక ఉంటుంది, హవాయి చెప్పులు జారతాయి. చెల్లెలు రాజోలులో గుడ్డ బూట్లు కొని, కారు దిగగానే అమ్మ కాళ్ళకు తానే తొడిగింది. అమ్మ పుట్టి బుద్ధెరిగి బూట్లు వేసుకోలేదు. ఎవరైనా చూస్తారేమోనని చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కొన్నది.

ఇరవై మెట్లకొకసారి కూర్చోవాలని ముందే చెప్పుకొన్నాం. అమ్మ పది మెట్లకే కూర్చున్నది. పిల్ల కాసేపు చూసి ముందుకు పరుగెత్తింది. ఎవరో ఒకరు వెంట పోవాలి కదా. “నువ్వు వెళ్ళవే, అక్కడ లోయ ఉంది. నా మోకాళ్ళు కాస్త సర్దుకోనీ” అని అమ్మ చెల్లెల్ని పంపింది. తరువాత కూడా అంతే. వాళ్ళు మలుపు తిరిగేదాకా కూర్చోవడం, ఆ పైన నా చెయ్యి కూడా అందుకోకుండా చకచకా ఎక్కడం! నేను ముఖంలోకి చూస్తే, “నోరుమూసుకొని నడువు” అన్నది.

రాతి గోడలో గుండ్రని గుహ ఒకటి ఉంది. లోపల నడుమ రాతి స్తూపం. చుట్టుపక్కల వారు దానిని శివలింగంగా కొలుస్తారు గనుక మేమూ చెప్పులు బయట విడిచి వెళ్ళాం. ఎవరి పూజాస్థలమైనా మర్యాద మర్యాదే. చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక అమ్మ తల పైకెత్తి, “ఒరే, ఇది చుట్టిల్లురా!” అన్నది. నిజమే. పైకప్పు అంతా రాతిలో చెక్కిన వాసాలు. నాలుగు వైపులనుండి వచ్చి నడి నెత్తిన కలుస్తున్నాయి. తాటాకు ఇంటికి నిట్రాడ నిలిపే చోట స్తూపం నిలిచింది. వాకిలి కూడా కర్రపని మాదిరే చెక్కారు. బీహారులో బరాబర్ కొండల గుహకు అశోకుని కాలం నాటి ఇటువంటి వాకిలే ఉన్నదట. రాయి తొలిచేవాడికి కూడా కళ్ళ ముందు మెదిలింది పూరిల్లే అన్నమాట.

మా ఇల్లు చుట్టిల్లే. 1996 నవంబరు 6 తుపానుకు పోయింది. “గుండ్రటి కొంప గాలికి ఆగుద్దనేవారు. ఆ గాలికి అదీ ఆగలేదు” అన్నది అమ్మ. పిల్ల వాళ్ళ అమ్మవైపు తిరిగి “నువ్వెక్కడున్నావు?” అని అడిగింది. వచ్చిన తరువాత అది తనంత తాను అడిగిన మొదటి ప్రశ్న. చెల్లెలు రాతి నేల మీదనే కూర్చొని చెప్పసాగింది. అప్పటికి తనకు తొమ్మిదేళ్ళు. చీకట్లో అమ్మ తనను కొంగుతో నడుముకు కట్టుకొని మందిరం దాకా నడిపించడం, తెల్లవారి వచ్చి చూస్తే కొబ్బరిచెట్లు పడిపోయి మా వాకిలి ఏదో తెలియకపోవడం. పిల్ల వింటూ వింటూ మోకాలికి ఆనుకొన్నది. అమ్మ నా చెయ్యి గిల్లి బయటికి లాక్కొచ్చింది.

బయట రాతి గోడల మీద పేర్లు గీకిన వారి ఘనకార్యం చూసి బాధ కలిగింది. మీ పిల్లలకు ముందే చెప్పండి. తేనెపట్టు కనబడితే కింద కూర్చోవద్దు, మంట పెట్టవద్దు. పన్నెండు లోపల దిగి, చెట్టు కింద ప్రార్థన చేసికొని పులిహోర తిన్నాం. చీకటి పడేవేళకు ఇల్లు చేరాం. రెండు రోజులు అమ్మ పిక్కలు పట్టుకొని మూలిగింది, బూట్లు మాత్రం పెట్టెలో దాచుకొన్నది.

చెల్లెలు ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. శుక్రవారం ఫోను చేస్తుంది. పిల్ల ఇప్పటికీ “కువైట్ మమ్మీ” అనే పిలుస్తుంది. కాని ఫోను ఇంతకు మునుపు మాదిరి అమ్మమ్మ చేతిలో పెట్టి పారిపోదు. ఆ రాతి ఇంటికి వాసాలు ఎన్నో మనం లెక్కపెట్టనే లేదని, ఈసారి వచ్చినప్పుడు తప్పక లెక్కపెట్టాలని తల్లికి చెబుతున్నది.