లారీ వెనక డోరు

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన క్లబ్ వాళ్ళు సరిచేస్తామన్నారు. ఇంకా తప్పులు కనిపిస్తే వాళ్ళనే అడగండి.

మా మామయ్యది ఇందుకూరుపేట దగ్గర ఊరు. ఆయనకి ఒక పది టైర్ల లారీ ఉంది, కృష్ణపట్నం పోర్టు లోడ్లకి తిరుగుతుంది. ఆయుధ పూజ రోజు ఊళ్ళో లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు అన్నీ కడిగి గుడి ముందు వరసగా పెడతారు. రెండు పక్కలా అరటి పిలకలు, బంపర్ నిండా బంతి, చామంతి దండలు, అద్దాల మీద పసుపు కుంకుమ బొట్లు, టైర్ల కింద నిమ్మకాయలు. లాస్ వేగాస్‌లో ఏటా సెమా షో అని మాడిఫై చేసిన బండ్లన్నీ తెచ్చి పెడతారు కదా, ఇది మా ఊరి సెమా. టికెట్ లేదు, పైగా పులిహోర పెడతారు.

పోయిన దసరాకి ఫ్రెండ్‌ని బతిమాలి వాడి కెనాన్ 1500డి తీసుకెళ్ళాను. అంతకుముందు రెండు రాత్రులు కూర్చుని కార్ షో ఫోటోగ్రఫీ వీడియోలన్నీ చూశాను. సెమిస్టర్ ఎగ్జామ్‌కి కూడా అంత నోట్స్ రాసుకోలేదు.

మొదటి ముప్పై ఫోటోలు చెత్త. జనం మధ్యలో చోటు లేక లారీకి ఆనుకున్నంత దగ్గర నిలబడి 18 ఎంఎంలో తీశాను. బంపర్ ఉబ్బిపోయి, క్యాబిన్ వెనక్కి పారిపోయి, లారీ మొహం చేపలా వచ్చింది. రోడ్డు అవతలికి వెళ్ళి 50 దగ్గర పెట్టి తీస్తే అప్పుడు లారీ లారీలా కనిపించింది. కాకపోతే మధ్యలో ప్రతి నిమిషానికీ ఒక బైక్ అడ్డం. ఓపిక తప్ప దానికి సెట్టింగ్ లేదు.

రెండో తలనొప్పి మెరుపు. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే అద్దం మీద ఆకాశం నీడ పోయింది, లోపల డాష్‌బోర్డు మీద వెంకటేశ్వర స్వామి కనిపించాడు. కానీ స్టీలు బంపర్ మీద అది పని చెయ్యలేదు. లోహం మీద పడి వచ్చే వెలుగుని ఆ ఫిల్టర్ పెద్దగా ఆపలేదట. నా ఎర్ర టీషర్టు బంపర్ మధ్యలో టమాటాలా వెలుగుతోంది. చివరికి మామయ్య నల్ల చొక్కా వేసుకుని, కొంచెం పక్కకి జరిగి తీశాను. ఇంకోటి, ఎర్ర పెయింట్. ఎండలో రెడ్ వాల్యూ 255 తగిలి ఆగిపోతుంది, తామర రేకుల మీద గీసిన గీతలన్నీ ఒకే ముద్ద అవుతాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే రేకులు విడివిడిగా వచ్చాయి.

పూజయ్యాక పిల్లల్ని ఎక్కించుకుని లారీని ఒక రౌండ్ తిప్పడం మా వాళ్ళ అలవాటు. మైపాడు బీచ్ దాకా వెళ్ళాం. నా నోట్స్‌లో "సాయంత్రం, సముద్రం వైపు సూర్యుడు, బండి సిల్హౌట్" అని రాసుంది. ఆ వీడియోలు తీసినవాళ్ళది కాలిఫోర్నియా. మనది తూర్పు తీరం అని బీచ్‌లో నిలబడేదాకా నాకు తట్టలేదు! సూర్యుడు నా వెనక, కొబ్బరి చెట్ల వైపు దిగుతున్నాడు. అయితే అదే మంచిదయింది. మామయ్య లారీని సముద్రం వైపు ముక్కు పెట్టి ఆపారు. వెలుగంతా వచ్చి వెనక డోరు మీద పడింది.

ఆ డోరు మా పెయింటర్ తాత పని. ఊరంతా ఆయన్ని అట్లాగే పిలుస్తారు. మధ్యలో పెద్ద తామర, చెరో వైపు రామచిలక, పైన రెండు కళ్ళు, కింద "నన్ను చూసి ఏడవకురా". "సౌండ్ హారన్"లో సున్నా పొట్టలో కూడా చిన్న పువ్వు. అంతా బ్రష్షుతోనే, స్కేలు పెట్టకుండా. పూజ రోజు మామయ్య ఆయన్ని పిలిచి పంచె, కండువా పెట్టారు. జపాన్‌లో 1975లో "టొరాక్కు యారో" సినిమా వచ్చాక ఇట్లాంటి అలంకరణ లారీల పిచ్చి దేశమంతా పట్టుకుందట, వాటిని డెకోటోరా అంటారు. మనకి సినిమా అవసరం పడలేదు.

ఆ ఒక్క ఫోటో నాకు నిజంగా బాగా వచ్చింది. కానీ కింద కుడి మూలలో తెల్ల పెయింట్‌తో ఏదో పేరు, ఫోన్ నంబర్. "ఫ్రేమ్ అంచుల్లో అక్షరాలుంటే కన్ను అటు పోతుంది" అని నోట్స్‌లో ఉంది. ఫోన్లోకి తెచ్చుకుని ఎరేజర్‌తో రుద్దేశాను. రెండు సెకన్లలో పోయింది, దాని మీద చిలక తోక ఆకుపచ్చ కూడా నీట్‌గా నింపింది. ఇన్‌స్టాలో పెట్టాను. నా లెవెల్‌కి చాలా లైకులే వచ్చాయి.

సంక్రాంతికి వెళ్తే తాత గుళ్ళో కనిపించారు. "నా బండి ఫోటో తీసినావంట, చూపీ నాయనా" అన్నారు. చూపించాను. చాలాసేపు చూశారు. చిలకల్ని చూశారు, కళ్ళని చూశారు. తర్వాత వేలితో మెల్లగా మూలకి జరిపారు.

"ఈడ నా పేరు రాసుండా గదా. యాడికి బోయింది?"

ఏం చెప్పాలో తెలియలేదు. చెరిపేశా అనడానికి నోరు రాలేదు, "కెమెరాలో పడలేదు తాతా" అన్నాను. ఆయన నమ్మారు. అదే ఇంకా బాధ.

సరే, లారీ ఉందిగా, మళ్ళీ తీద్దామని మామయ్య ఇంటికి పరిగెత్తాను. వెనక డోరు మీద మెరుస్తున్న స్టిక్కర్ ఉంది. "మధ్యలో ఎఫ్‌సీ వచ్చిందిరా, టైమ్ లేదు, స్టిక్కరైతే ఒక్క పూటలో అయిపోద్ది" అన్నారు మామయ్య, నా మొహం చూడకుండా. ఎనిమిదేళ్ళు దాటని లారీకి రెండేళ్ళకోసారి, దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. దానికి ముందు మావాళ్ళు మళ్ళీ రంగు వేయిస్తారు. అంటే తాత వేసిన ఏ బొమ్మకైనా ఆయుష్షు అంతే. ఇన్నేళ్ళలో ఆయన ఎన్ని డోర్లు వేశారో ఆయనకే లెక్క లేదు, ఒక్కదానికీ ఫోటో లేదు. ఆ పేరూ నంబరూ చూసే తర్వాతి ఓనరు ఫోన్ చేసేవాడు. పైగా 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. డ్రైవర్లకి మంచిదే, నేను కాదనను. కానీ క్యాబిన్ కూడా ఫ్యాక్టరీలోనే పూర్తయి వస్తే, తాతకి మిగిలేది వెనక డోరే. దానికీ ఇప్పుడు స్టిక్కర్.

ఒరిజినల్ కోసం వెతికాను. ఫోన్లో "సేవ్ కాపీ" కాకుండా "సేవ్" నొక్కాను. మెమరీ కార్డు ఫార్మాట్ చేసి ఫ్రెండ్‌కి ఇచ్చేశాను. కామా మార్చినా గిట్‌లో కమిట్ కొట్టేవాణ్ణి, ఈ ఒక్కదానికి బ్యాకప్ లేదు.

మర్నాడు తాత దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. "అడ్డంగా ఉండిందా?" అని మాత్రం అడిగారు. తలూపాను. కాసేపాగి, పక్కూళ్ళో ఒక ట్రాక్టర్ ట్రక్కుకి వేసుండా, ఇంకా ఎండలేదు, వస్తావా అన్నారు.

అది ఇరుకు షెడ్డు. మూల కూడా ఫ్రేమ్‌లోకి రావాలంటే కాలవ గట్టు మీద ఒంటికాలితో నిలబడాలి. ఫోన్‌తోనే తీశాను. ఫోటో కొంచెం వాలింది, ఒక పక్క ఎవరిదో బకెట్ పడింది. వీడియోల ప్రకారం అయితే ఇది డిలీట్ చెయ్యాల్సిన ఫోటో. తాతకి పంపితే వెంటనే వాట్సాప్ డీపీ పెట్టుకున్నారు.

డీపీ గుండ్రంగా ఉంటుంది కదా. మూల మళ్ళీ పోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్: "నాయనా, నా పేరు మళ్ళా కనబడలా." చుట్టూ తెల్ల బోర్డర్ పెట్టి చిన్నది చేసి పంపాను. "ఇప్పుడు బొమ్మ చిన్నదైపోయింది" అన్నారు. నిన్న నాలుగోది పంపాను. ఇంకా బ్లూ టిక్ రాలేదు.