జపాను బడిలో ఒక పూట

పిల్లలూ! 2012లో నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, ఇక్కడి పంతుళ్ళు అక్కడికీ, అక్కడి వారు ఇక్కడికీ వెళ్ళివచ్చే ఏర్పాటు మీద జపాను వెళ్ళి, ఒక ప్రాథమిక పాఠశాల చూశాను.

అక్కడ పిల్లలు ఆరేళ్ళు నిండాక బడిలో చేరి, ఆరు తరగతులు చదువుతారు. చదువు సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. గుమ్మంలో అందరూ బయటి జోళ్ళు అరల్లో పెట్టి, లోపల వాడే మెత్తటి జోళ్ళు తొడుక్కున్నారు. నాకూ ఒక జత ఇచ్చారు. వేళ్ళు పట్టాయి గాని మడమలు పట్టలేదు!

మధ్యాహ్న భోజనం ముందుగా హెడ్మాస్టరు రుచి చూశాడు. అది పిల్లలకు పెట్టవచ్చునో లేదో తేల్చటం ఆయన పని. తరవాత, వంతు వచ్చిన పిల్లలు తెల్లని అంగీలూ, టోపీలూ వేసుకుని తమ తరగతికి తామే వడ్డించారు. అందరూ ఒక్కసారిగా "ఇతదకిమాస్" అని తినసాగారు. "వినయంతో పుచ్చుకుంటున్నాను" అని దాని అర్థం.

భోజనాలయ్యాక పిల్లలు చీపుళ్ళూ, తడిగుడ్డలూ అందుకున్నారు. ఇద్దరు మరుగుదొడ్డి కడగటానికి వెళ్ళారు.

"వాళ్ళేం తప్పు చేశారు?" అని అడిగాను.

దుబాసీ నా ప్రశ్న రెండుసార్లు చెప్పినా పంతులమ్మగారికి అర్థం కాలేదు. "ఈ వారం వాళ్ళ వంతు," అన్నదావిడ. ఆవిడ చేతిలోనూ తడిగుడ్డ ఉన్నది.

నాకు సిగ్గువేసింది. ఆలస్యంగా వచ్చినవాడి చేత నేను గది ఊడిపించేవాణ్ణి. ఊడవటం తక్కువ పని అని మా పిల్లలకు నేర్పినది నేనే!

తిరిగివచ్చిన మొదటి సోమవారం నేనే చీపురు పట్టాను. నలుగురు పిల్లలు పరిగెత్తుకొచ్చి, "ఇలా ఇవ్వండి, మాస్టారూ!" అన్నారు.

"ఇది ఇవ్వను. మీరూ తలా ఒకటి తెచ్చుకోండి," అన్నాను.