గురజాల దారిలో అమెరికా

నరసరావుపేటలో పిడుగురాళ్ల బస్సు కదిలేసరికి ఎండ ఎక్కింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి పేట జిల్లా కేంద్రమైంది. బస్టాండు చుట్టుపక్కల ఫ్లెక్సీల్లో నాయకుల తర్వాత ఎక్కువగా కనిపించేవి అమెరికా చదువులకు పంపే కన్సల్టెన్సీల బోర్డులే. వాటిమీద కాగడా పట్టుకుని నిలబడ్డ స్వేచ్ఛాప్రతిమ.

ఆ ప్రతిమ ఫ్రాన్సు ప్రజల కానుక. 1886లో న్యూయార్క్ రేవులో నిలబెట్టారు. అమెరికాకు గుర్తుగా ప్రపంచమంతా వాడుకునే బొమ్మను ఇచ్చినవాళ్లే ఆ దేశాన్ని నిలదీయడంలోనూ ముందుంటారు. జైళ్లు చూసి వస్తానని 1831లో బయలుదేరిన ఫ్రెంచి రచయిత టోక్విల్ తొమ్మిది నెలలు ఆ దేశమంతా తిరిగి, అక్కడి ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకుంటూనే, మెజారిటీ మాటకు ఎదురుచెప్పలేని పరిస్థితి వస్తుందని హెచ్చరించాడు. 1999 ఆగస్టులో జోసె బొవే అనే గొర్రెల రైతు తోటివాళ్లతో వెళ్లి, మియో పట్టణంలో కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ను ఊడదీశాడు. వాళ్ల గొర్రెపాల జున్ను మీద అమెరికా పన్ను పెంచిందని కోపం. ఫ్రెంచివాళ్లకు అమెరికా సినిమా కావాలి, పాట కావాలి, పెత్తనం మాత్రం వద్దు. మరి పల్నాడు అమెరికాను ఎలా చూస్తోంది? అది కనుక్కుందామనే బయలుదేరాను.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉండి వచ్చిందట. అక్కడి గుడి, తెలుగువాళ్ల కొట్టు, గోంగూర కట్ట ధర, మనవడి బడి, అన్నీ వరసగా చెప్పింది. "అమెరికావాళ్లతో ఏమన్నా మాట్లాడావా పిన్నీ?" అనడిగాను. కాసేపు ఆలోచించింది. "పక్కింటామె కనపడినప్పుడల్లా చెయ్యి ఊపేదయ్యా. మంచి మనిషే. పేరు మాత్రం తెలీదు."

ఆ మాట పిడుగురాళ్ల దాకా నన్ను వదల్లేదు. సున్నపు బట్టీల పొగలో బస్సు మారి గురజాల చేరాను.

ఈ ఊరిదాకా ఒక అమెరికా మనిషి వచ్చి కాపురమున్నాడు, అదీ 1849లో. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ పుట్టింది జర్మనీలో, బతికింది అమెరికాలో. అక్కడి లూథరన్ క్రైస్తవుల తరఫున 1842లో గుంటూరు వచ్చాడు. నాలుగేళ్లకే వెనక్కి వెళ్లాడు కానీ ఊరికే కూర్చోలేదు. యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి, పట్టా పుచ్చుకుని, మళ్లీ ఓడెక్కి వచ్చాడు. తర్వాతే గురజాల. అప్పటికి రైలు లేదు, సాగర్ కాలువ లేదు. నాపరాళ్ల నేల, చలిజ్వరాలు, పక్కనున్న రెంటచింతల మీదుగా వీచే వడగాడ్పు. రాష్ట్రంలోనే ఎండకు పేరుపడ్డ ఊరు ఆ రెంటచింతల. డెబ్బై దాటాక కూడా ఆయన మూడోసారి ఈ దేశం వచ్చి రాజమండ్రిలో పనిచేశాడు. మతం మార్చడానికే వచ్చాడన్నది నిజం. మాల మాదిగ పల్లెల్లోకి పలకా బలపం మొదట తెచ్చింది ఈ మిషన్ బళ్లేనన్నదీ అంతే నిజం. రెండోదాన్ని పలచన చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. అంతకుముందు ఆ పిల్లల్ని గుమ్మం ఎక్కనిచ్చిన బడి ఎక్కడుంది?

పల్లెలో ఒక రిటైర్డ్ మాస్టారి అరుగు మీద కూర్చున్నాను. ఆయన తాతకు అక్షరం మిషన్ బడిలోనే వచ్చిందట. ఆయనకు గుర్తున్న అమెరికా మాత్రం వేరు: మధ్యాహ్నం బడిలో కాచిపోసిన పొడిపాలు, పెద్ద గంగాళంలో ఉడికిన గోధుమరవ్వ ఉప్మా. మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకు పంపేందుకు అమెరికా 1954లో పీఎల్-480 చట్టం చేసింది. దాని పుణ్యమా అని మన బళ్లకు చేరిన తిండి. "మా తాతకి దొర ముఖం తెలుసు, ఆ దేశం ఏ దిక్కునుందో తెలీదు. మా మనవరాలికి న్యూజెర్సీలో వీధులు తెలుసు, ఒక్క దొరా తెలీడు" అన్నారాయన. నేను వెతుకుతున్న జవాబు సగం అక్కడే దొరికింది. ఫ్రెంచివాళ్లు అమెరికా మనిషినీ అమెరికా దేశాన్నీ ఎదురెదురుగా చూశారు, అందుకే పోట్లాడగలుగుతున్నారు. మనం మనిషిని చూసినప్పుడు దేశాన్ని చూడలేదు. దేశాన్ని చూస్తున్నప్పుడు మనిషిని చూడడం లేదు. ఇంటికొకరు చొప్పున బిడ్డల్ని పంపుతున్న ప్రాంతానికి అది చిన్న లోటు కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటన వచ్చినప్పుడు ఇక్కడి ఇళ్లలో ఎంత దిగులు పడ్డారో విన్నాను. ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్న అమెరికా వాడు ఎవడు, అతని బాధేమిటి అని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

గురజాల నుంచి మాచర్ల దాకా రైలు. కిటికీలోంచి మిరప చేలు, పత్తి చేలు.

మాచర్ల దగ్గర పత్తి తీయిస్తున్న రైతుతో గట్టు మీద కూర్చున్నాను. ఆయనకు అమెరికా అంటే విత్తనం. మోన్‌శాంటో సంస్థ బీటీ పత్తికి 2002లో మన దేశంలో అనుమతి దొరికింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి పోరాడింది. ధర 750కి దిగింది. ఆ పోరాటాన్ని నేను గర్వంగా తలుచుకుంటాను. మన వైపునుంచి అమెరికాకు ఎదురు నిలిచి గెలిచిన సందర్భం అది. మొదటి ఏళ్లలో శనగపచ్చ పురుగు మందుల ఖర్చు తగ్గిందని రైతు ఒప్పుకున్నాడు. తర్వాత గులాబీ పురుగు ఆ విత్తనాన్నీ లెక్కచేయలేదు.

కాసేపు ఊరుకుని ఆయనే అడిగాడు. "అబ్బాయ్, అమెరికాలో కూడా పత్తేసే రైతులుంటారుగా?"

"ఉన్నారు బాబాయ్. టెక్సస్‌లో చాలా వేస్తారు."

"వాళ్లకి పంట పోతే ఎట్టా?"

అక్కడి ప్రభుత్వం పత్తి రైతుకు పెద్ద ఎత్తున సబ్సిడీ ఇస్తుందనీ, దానివల్ల ప్రపంచమంతా ధర పడిపోతోందని బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచిందనీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కూలీలు తెచ్చిన పత్తి బోరెంలో అదిమి తొక్కుతూ, "అట్టయితే ఆ రైతుకీ నాకూ తగాదా లేదు. ఆయనకి నా సంగతి చెప్పేవాడే లేడు. మా తమ్ముడి కొడుకు ఆ టెక్సస్‌లోనే ఉన్నాడు, ఈసారి ఫోన్ చేస్తే ఆదివారం పూట ఒక పత్తి రైతును చూసి రమ్మంటా" అన్నాడు.