విద్యుత్ సామగ్రియు, గృహిణి కోరికయు

అరణ్యపర్వములో ద్రౌపది సత్యభామతో తన గృహకృత్యములను వివరించుచు, పాండవుల ఆదాయవ్యయములు రెండును తానే యెఱిగి నడపితినని చెప్పినది. అంతటి సామ్రాజ్యపు లెక్క ఒక యిల్లాలికి తెలిసియున్నప్పుడు, నాలుగు గదుల యింటి లెక్క మనకు తెలియుట కష్టము గాదు. పంకా, మిక్సీ, ఫ్రిజ్, బట్టలుతుకు యంత్రము, ఏసీ మొదలగువానిని ఎప్పుడు కొనవలెనో నిర్ణయించుచున్నది మనమా, అంగడివాడా, ఇరుగుపొరుగువారా? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేముండునది ఉద్దానములోని కవిటి. కొబ్బరి, జీడితోటలే యిచ్చటి జీవనాధారము. కాయకు ధర పలికిన యేట సోంపేట, పలాస, ఇచ్ఛాపురపు అంగళ్లలో సామాను కదలును. పలుకని యేట అది అటక మీదనే యుండును. 2018 అక్టోబరు 11 వ తేదీని తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటినప్పుడు వేలకొలది కొబ్బరిచెట్లు నేలగూలెను. అనేక గ్రామములకు దినముల తరబడి కరెంటు లేకపోయెను. నవరాత్రుల బేరమునకై అంగళ్లు సిద్ధమైన వేళ, జనులు కోరినవి టీవీలు గావు. టార్చిలైట్లు, జనరేటర్లు, ఇన్వర్టర్లు.

భయముతో కొనిన వస్తువును భయము తీరగనే మఱచుట లోకసహజము. సాధారణముగా వాడు ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు తగ్గినప్పుడెల్ల పోయుచుండవలెను. ఆ పని మఱచినచో మరల గాలివాన వచ్చునాటికి అది వట్టి బరువే యగును.

మా ప్రాంతమున నీటిశుద్ధి యంత్రములను కొనుటకును భయమే మూలము. ఉద్దానపు మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబములను కుదిపినదో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను నీరొక్కటే దానికి కారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారింపలేదు. 2023 డిసెంబరు 14 వ తేదీని పలాసలో మూత్రపిండ పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభమైనవి. మంచినీరు త్రాగుట మేలే. గాని, యంత్రము కొంటిమి గదా యని క్రియాటినిన్ రక్తపరీక్షను మానుట ప్రమాదము.

ఇక ధరల సంగతి. 2025 ఆగస్టు 15 వ తేదీని జీఎస్టీ తగ్గునని ప్రధానమంత్రి ప్రకటింపగా, కొనదలచినవారు చాలమంది చేయి వెనుకకు తీసికొనిరి. సెప్టెంబరు 22 వ తేదీని, నవరాత్రుల తొలినాటనే, ఏసీలపైనను 32 అంగుళములకు మించిన టీవీలపైనను పన్ను నూటికి 28 నుండి 18 కి దిగెను. అంతవరకు వేచియున్న జనము అంగళ్లను క్రమ్ముకొనిరి. వేచియుండుటవలన లాభమున్నదని దీనివలన తెలియుచున్నది. కాని లెక్క సరిగా చూడవలెను. పూర్వము పన్నుతో 128 రూపాయలైన వస్తువు నేడు 118 కి వచ్చును. అనగా తగ్గినది నూటికి 8 రూపాయలకు లోపే, 10 గాదు. ఫ్రిజ్‌లకు, బట్టలుతుకు యంత్రములకు ఈ తగ్గింపు 2018 జూలైలోనే జరిగినది. కావున వానిని "కొత్త పన్నుతో చౌక" యని యెవరైన అమ్మజూపినచో నమ్మరాదు.

వస్తువుపై అంటించిన ధర మొదటి ఖర్చు మాత్రమే. రెండవ ఖర్చు నెలనెల బిల్లుగా వచ్చును. మామూలు పంకాకు సుమారు 75 వాట్లు పట్టగా, బీఎల్‌డీసీ పంకాకు సుమారు 30 వాట్లు చాలును. దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 16 యూనిట్లు మిగులును. 2023 జనవరి 1 నుండి సీలింగు పంకాలపై నక్షత్రముల చీటీ తప్పనిసరి యైనది. చీర అంచును పరిశీలించు మన కన్ను ఆ చీటీని చదువలేదా?

కోరికలు ఒక్కటిగా చేరినచో వెల యెట్లు దిగునో ఎల్‌ఈడీ దీపము చూపినది. ప్రభుత్వసంస్థ కోట్లకొలది దీపములను ఒక్క మొత్తముగా కొనుటచే, 2014 లో సుమారు 310 రూపాయలకు కొనిన దీపము 2016 నాటికి 38 రూపాయలకు దిగెను. అడుగువారి బలమట్టిది.

ఆ బలమును మనము సారె విషయమున దుర్వినియోగము చేయుచున్నాము. పెండ్లిండ్ల కాలమున సామాను విశేషముగా కదలుటకు ముఖ్యకారణము సారెయే. పూర్వము బిందెలు, గంగాళములు, మిఠాయి కావిళ్లు పంపెడివారు. నేడు ఫ్రిజ్, టీవీ, బట్టలుతుకు యంత్రము లేనిది సారెయే గాదనుచున్నారు. మేమెఱిగిన యొక కుటుంబము, తిత్లీకి తోట కూలిన రెండేండ్లకు, కూతురి సారెకై వాయిదాలమీద పెద్ద ఫ్రిజ్ కొనెను. అత్తవారింట అదివరకే యొకటి యున్నందున, ఆ ఫ్రిజ్ మూలగదిలో పాతబట్టల పెట్టె యైనది. పుట్టినింటివారు మాత్రము రెండేండ్లు వాయిదాలు చెల్లించిరి. దానిని కోరినది అల్లుడు గాదు, వియ్యపురాలు. అనగా మనవంటి స్త్రీయే. పెండ్లికై యిట్లు కోరి పుచ్చుకొనుటను 1961 నాటి వరకట్న నిషేధచట్టము నేరముగా నెంచుచున్నది. చట్టము మాట యటుంచి, తానును ఆడపిల్లను గన్న తల్లికి ఆ కోరిక నోట రానేల?

అంగడివాడు మనమడిగినదే తెచ్చి పెట్టును. వాయిదాలమీద కొనుటకు ముందు మొత్తమెంత యగునో కూడిచూతము. నక్షత్రపు చీటీని చదువుదము. కుమారులకు పెండ్లి చేయు తల్లులు "సారెలో మాకు యంత్రములు వద్దు" అని నిశ్చయతాంబూలముల నాడే పదిమంది యెదుట చెప్పుదురుగాక. అట్టి వియ్యపురాండ్రు ఊరికి పదుగురున్నచో ఎన్నో యిండ్ల అప్పులు పుట్టకుండనే పోవును.