రెండు పాలకూర కట్టలు

పదవీ విరమణానంతరం హైదరాబాదులో మా అబ్బాయి యింట ఉంటున్నాను. ఆ మధ్య నా పూర్వ విద్యార్థి ఒకడు బజారులో కనబడి పాదాలకు నమస్కరించాడు. నగరానికి దిగువన మూసీ ఒడ్డున అరెకరం కౌలుకు తీసుకొని ఆకుకూరలు పండిస్తున్నాడట. మరునాడు రెండు పాలకూర కట్టలు తెచ్చి, "ఇవి బోరు నీళ్ళవి సార్. మీకోసమని వేరే తెచ్చిన" అన్నాడు.

"మరి మీ యింట్లో వండుకొనేవి?"

"అమ్మగా మిగిలినవే సార్. అవి మూసీ నీళ్ళవి."

అనంతగిరి కొండలలో పుట్టినప్పుడు మూసీ నిర్మలమైన నదియే. 1908 నాటి వరదల పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మితమైనవి. ఎగువన నిలిపిన మంచినీరు నగరవాసులకు దక్కింది. నగరం విడిచిన మురుగు, పరిశ్రమల వ్యర్థాలు దిగువ పల్లెల పాలైనవి.

అర్థశాస్త్రం చదువుతున్న మా మనుమరాలితో ఈ సంగతి ప్రస్తావించాను. అభివృద్ధి తొలిదశలో ఆదాయ వ్యత్యాసాలు పెరిగి, పిదప తగ్గునని సైమన్ కుజ్నెట్స్ 1955లో ప్రతిపాదించాడట. 1990వ దశకంలో కొందరు కాలుష్యానికీ ఆ రేఖనే అన్వయించారట. జేమ్స్ బాయిస్ 1994లో వేరొక ప్రశ్న వేశాడు: కాలుష్యం వలన లాభపడేదెవరు, నష్టపడేదెవరు, వారిలో బలవంతులెవరు? నష్టపడేవారు బలహీనులైనచోట కాలుష్యం హెచ్చునని ఆయన వాదం. 1998లో టొర్రాస్‌తో కలిసి చేసిన పరిశీలనలో, ముఖ్యంగా పేద దేశాలలో, అక్షరాస్యత, పౌరహక్కులు ఉన్నచోట పరిసరాలు మెరుగుగా ఉండే ధోరణి కనబడిందట.

అక్షరాస్యత అనగానే ఉపాధ్యాయుడిని గనుక సంతోషించాను. వెంటనే శిష్యుడు గుర్తుకు వచ్చాడు. వాడికి సంధులు, సమాసాలతోపాటు అర్జీ వ్రాయడమూ నేర్పినవాణ్ణే. మళ్ళీ వచ్చినప్పుడు, ఈ నీటి గురించి ఎన్నడైనా అర్జీ పెట్టావా అని అడిగాను.

"పెడితే మా కూరలెవరు కొంటరు సార్?" అన్నాడు.

పేదవాని మౌనానికి అజ్ఞానమే కారణమని ఇన్నేళ్ళూ భావించాను. కారణం పొట్టకూటి భయం. మరి మా మౌనానికి? మా వంటింట్లో నీటిని శుద్ధిచేసే యంత్రం ఉన్నది. అది కొన్ననాటి నుండి కుళాయి నీటి గురించి మేము ఎవరినీ అడగలేదు. అడగగలిగినవారము కొనుక్కొని ఊరకున్నాము. అడగవలసినవాడు భయపడి ఊరకున్నాడు. నది ఇద్దరి మధ్యనా అలాగే పారుతున్నది.

శుద్ధి చేయని మురుగును నదిలోనికి వదలరాదని కోరుతూ ఇప్పుడు నేనే అర్జీ వ్రాస్తున్నాను. అందులో వాడి పేరుండదు, వాడి పొలం ఊసుండదు. సంతకం నాది.