ఆదోని పత్తి, ఎమ్మిగనూరు రంగుతొట్టి, కోబాల్టు

కర్నూలు జిల్లా పడమటి సీమలో పత్తి సంగతి తెలియాలంటే ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లాల్సిందే. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో అదొకటి. నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. అందుకే దూది కన్నా ఒకప్పుడు దానిమీద కొట్టిన మందుల గురించి అడగాలనిపించింది. మూటల పక్కన వేలం కోసం కూర్చున్న ఒక పెద్దాయనను కదిపాను.

"శనగపచ్చ పురుగు పడిన ఏండ్లల్లో వారం వారం కొడతాంటిమి సార్. ఎండోసల్ఫాన్ డబ్బా మూత తీస్తే కండ్లు మండుతాండె. కొట్టిన పొద్దు అన్నం గూడా సయించకపోతాండె."

ఆ మందు అణువులో ఆరు క్లోరిన్ పరమాణువులుంటాయి. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని ఆపించింది. అంతకుముందే 1989లో డీడీటీని వ్యవసాయం నుంచి తప్పించారు, 1997లో బీహెచ్‌సీని నిషేధించారు. మూడూ క్లోరిన్ మందులే. నిషేధం కొత్త డబ్బాలను ఆపగలదు. మట్టిలోకి దిగినదాన్ని తీయలేదు. కార్బన్‌ను పట్టుకున్న క్లోరిన్ తేలిగ్గా వదలదు. డీడీటీ లాంటివి ఏళ్ల తరబడి నేలలో నిలిచిపోవడానికి అదొక ముఖ్య కారణం.

ఆదోని కొండమీది కోటను వెనక్కి వదిలి బస్సు ఎమ్మిగనూరు చేరింది. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టి ఎన్నో మగ్గాలకు పని కల్పించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

అద్దకం చేసే ఒక ఇంటి వెనక కాసేపు నిలబడ్డాను. తొట్టిలో నీలిమందు, కాస్టిక్ సోడా, వాళ్లు 'హైడ్రో' అనే తెల్లటి పొడి. కర్రకు వేలాడదీసిన చిలప నూలును ముంచి పైకెత్తితే పసుపూ పచ్చా కలిసిన రంగు. నీలం ఏదని అడిగాను. "గాలి తగలనీ సార్, అదే వస్తాది" అన్నాడు అద్దకం చేస్తున్నాయన. చూస్తుండగానే పైనుంచి కిందికి పోగు పోగూ నీలమయింది.

హైడ్రో చేసే పని రంగుకు ఎలక్ట్రాన్లివ్వడం. దాంతో రంగు నీళ్లలో కరిగి నూలులోకి దిగుతుంది. గాలి ఆ ఎలక్ట్రాన్లను లాగేసుకోగానే నీలం తిరిగొస్తుంది. క్లోరిన్‌ను వదిలించే దారీ ఇదే: ఎలక్ట్రానివ్వాలి. అయితే కరెంటుతో నేరుగా ఇవ్వబోతే చాలా వోల్టేజి కావాలి. మధ్యవర్తి ఉంటే పని సులువు. అక్కడ పనికొచ్చేది కోబాల్టు.

ప్రకృతి ఈ పనికి ఎప్పుడో పెట్టుకున్న కోబాల్టు సంశ్లిష్టం విటమిన్ బి12. దాని నిర్మాణాన్ని డొరొతీ హాడ్జ్‌కిన్ 1956లో తేల్చారు. 1964 నోబెల్ బహుమతి వచ్చిన కృషిలో అదీ ఉంది. బి12 ఎర్రటి ద్రావణంలోకి ఎలక్ట్రోడు ద్వారా ఎలక్ట్రాన్లు పంపితే కోబాల్టు మూడు ధనావేశాల స్థితి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగుతుంది. రంగు గోధుమకు, ఆపైన బూడిదపచ్చకు మారుతుంది. ఒకటో స్థితిలోని కోబాల్టు వెళ్లి కార్బన్‌ను పట్టుకుంటుంది, క్లోరిన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. ఎలక్ట్రోడు దగ్గర కోబాల్టు మళ్లీ పనికి సిద్ధమవుతుంది. అందుకే దాన్ని ఉత్ప్రేరకం అంటాం. మట్టిలోని డీహలోకొకాయిడ్స్ అనే బ్యాక్టీరియా కరెంటు లేకుండానే, బి12 జాతి అణువులతో ఈ పని చేస్తుంది.

దీనికి పరిమితులున్నాయి, అవీ చెప్పాలి. డీడీటీలోని అయిదు క్లోరిన్లలో మూడు ఒకే కార్బన్ మీదుంటాయి. కోబాల్టుకు ముందుగా లొంగేవి అవి. బెంజీన్ వలయాల మీది రెండూ మొండివి. ఒక్క క్లోరిన్ పోయాక మిగిలే డీడీడీ కూడా నిరపాయం కాదు, కనుక పనిని మధ్యలో ఆపకూడదు. పైగా ఇది పొలంలో చల్లే మందు కాదు. నీటిని ఒకచోటికి తోడి శుద్ధి చేసేటప్పుడు వాడుకోవాల్సిన పద్ధతి. ఇప్పటికి ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది.

అయినా దాన్ని ఇక్కడి పిల్లలకు చూపించాలి. తొట్టిలో రంగు మారడం చూస్తూ పెరిగినవాళ్లకు ఎలక్ట్రాన్ మార్పిడి కొత్త కాదు. ఈ సీమ కళాశాలల రసాయనశాస్త్ర అధ్యాపకులకు నా విన్నపం: పాత పత్తి చేల పక్కన ఉన్న బావుల నీళ్లను మీ విద్యార్థులతో పరీక్షకు పంపించండి. క్లోరిన్ మందులు ఏ మేరకు మిగిలాయో తెలిస్తేనే వాటిని వదిలించే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.